మంచి స్పీకర్లుంటే ఈ ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లు వినండి

కొత్తగా స్పీకర్లు కొన్న ఫ్రెండ్స్ చాలామంది నన్ను అడిగేది ఒకటే, బాస్ గట్టిగా కొట్టే పాటలేవైనా చెప్పు అని. బాస్ ఉన్న పాటలకేం, బోలెడున్నాయి. నేను మాత్రం ముందు డైనమిక్స్ ఉన్నవి వినమంటాను, అంటే పాటలో మెల్లగా వినపడే చోటుకీ గట్టిగా మోగే చోటుకీ మధ్య ఎంత తేడా ఉంది, ఆ దెబ్బ ఎంత చురుగ్గా వచ్చి పడుతోంది అని. ఇప్పటి డాన్స్ మ్యూజిక్‌లో చాలావరకు మాస్టరింగ్ (పాటని విడుదలకి సిద్ధం చేసే చివరి దశ) దగ్గరే లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా అణిచే సాధనం) పెట్టి అంతా ఒకే ఎత్తుకి తెచ్చేస్తున్నారు, ఫోన్‌లోనో కార్లోనో అయితే పర్లేదు గానీ ఇంట్లో మంచి సెటప్ మీద కాసేపటికే చెవులు అలిసిపోతాయి. సీడీలో లెక్క ప్రకారం మెల్లటి శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య 96 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో కొలిచే కొలత) దాకా చోటుంది, పైనున్న నాలుగైదు డెసిబెల్స్‌లోనే పాటంతా నడిచిపోతే ఇక అంత పెద్ద ఆంప్ (స్పీకర్లని నడిపే ఆంప్లిఫయర్) ఎందుకండీ మనకి.

నేను ఎవరికైనా ముందు పెట్టేది ఫ్రెంచ్ జంట డాఫ్ట్ పంక్ వాళ్ళ 2013 ఆల్బమ్ రాండమ్ యాక్సెస్ మెమరీస్. దీనికి బాబ్ లడ్విగ్ మాస్టరింగ్ చేశాడు, చాలావరకు నిజం వాయిద్యాలు వాయించి రికార్డ్ చేశారు. ఇందులో జార్జియో బై మొరోడర్ అని తొమ్మిది నిమిషాల ట్రాక్ ఉంది, అది మాత్రం మధ్యలో ఆపకుండా వినండి. మొదట చుట్టూ జనం మాటల సందడి, ఆ మధ్యలో ఇటలీకి చెందిన పాతతరం ఎలక్ట్రానిక్ సంగీతకారుడు జార్జియో మొరోడర్ గారు తన కుర్రతనం కబుర్లు చెప్తుంటారు (ఆయన గొంతుని వేరువేరు కాలాల మైకులతో రికార్డ్ చేశారు), క్లిక్ ట్రాక్ (తాళం తప్పకుండా వాయించడానికి పెట్టుకునే టిక్ టిక్ శబ్దం) గురించి చెప్పగానే ఆ క్లిక్ నిజంగానే వినపడుతుంది, దాని మీద సింథ్ (సింథసైజర్) ఎక్కుతుంది, తర్వాత స్ట్రింగ్స్ వచ్చి పాట ఒక్కసారి విప్పారుతుంది, చివర్లో డ్రమ్స్ అందుకున్నాక చూడాలి, స్నేర్ డ్రమ్ మీద ప్రతి దెబ్బా విడివిడిగా గదిలోకి వచ్చి పడుతుంది. ఎంత గోల పెరిగినా ఏదీ ముద్దగా అయిపోదు, నాకు ఈ ఆల్బమ్ అంటే పిచ్చి అందుకే.

జర్మన్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్‌ ఆల్బమ్‌లలో 2003లో వచ్చిన టూర్ డి ఫ్రాన్స్ సౌండ్‌ట్రాక్స్ వినండి. ఆ సైకిల్ రేస్ వందేళ్ళ సందర్భంగా చేసిన ఆల్బమ్. అందులో ఎలెక్ట్రో కార్డియోగ్రామ్ అనే ట్రాక్‌లో గుండె చప్పుడు, ఊపిరి శబ్దమే తాళం. మైకు, గది ఏమీ అడ్డులేకుండా మెషీన్‌లోంచి నేరుగా వచ్చే శబ్దం ఎంత శుభ్రంగా ఉంటుందో ఇక్కడ తెలుస్తుంది.

జపాన్ పియానిస్ట్ ర్యుయిచి సకమోటో, జర్మన్ ఎలక్ట్రానిక్ కళాకారుడు ఆల్వా నోటో కలిసి చేసిన వ్రియూన్ (2002) దీనికి పూర్తిగా వేరే దారి. పియానో ఒక్కో స్వరం వదులుతూ పోతుంది, ఆ ఖాళీల్లో సన్నటి టిక్కులు, బీప్‌లు. సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే వీటిలో సగం వినపడవు, ఏసీ కూడా ఆపేసి రాత్రి పూట పెట్టుకుంటేనే. మన ఇళ్ళల్లో డైనమిక్స్‌ని ఎక్కువగా తినేసేది ఫ్యాన్లూ వీధిలో బళ్ళ రొదే, స్పీకర్లని అంటాం గానీ.

ఇంగ్లీష్ గాయకుడు జేమ్స్ బ్లేక్ పాట లిమిట్ టు యువర్ లవ్ (2010) విన్నారా? గొంతు, పియానో, ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఆ తర్వాత కిందనుంచి సబ్ బాస్ (అన్నిటికన్నా లోతైన బాస్) కంపిస్తూ వస్తుంది. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఉన్నవాళ్ళు జాగ్రత్త, మొదట్లో మెల్లగా ఉంది కదా అని వాల్యూమ్ నాబ్ బాగా తిప్పేస్తే ఆ బాస్ వచ్చేసరికి వూఫర్ (బాస్ పలికించే స్పీకర్) కోన్ బయటికి తన్నుకొస్తుంది. ముందు తక్కువలో ఒకసారి పూర్తిగా విని అప్పుడు పెంచుకోండి.

ఇంకో మాట, స్పాటిఫైలో వింటే సెట్టింగ్స్‌లో వాల్యూమ్ లెవల్ లౌడ్ అని ఉంటే మార్చేయండి, అందులో వాళ్ళు లిమిటర్ వాడతారు, మనం ఇంత వెతికి పట్టుకున్నది అక్కడ పోగొట్టుకోవడం దేనికి. నార్మల్‌లో పెట్టుకుని ఆంప్ మీద పెంచుకుంటే సరిపోద్ది. ఇలాంటి ఆల్బమ్‌లు మామూలు పాటల కంటే కాస్త ఎక్కువ వాల్యూమే అడుగుతాయి.

వీటిలో ఏదీ ఎక్కదు, కాస్త సరదాగా ఉండేది కావాలంటే జ్యూరిక్ జంట యెల్లో చేసిన టచ్ యెల్లో (2009). బోరిస్ బ్లాంక్ ఒక్కో చిన్న శబ్దాన్నీ చెక్కి పెట్టినట్టు ఉంటుంది, డీటర్ మెయర్ లోతైన గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల మధ్యలో నిలబడుతుంది. టిల్ టుమారోలో ట్రంపెట్ వినండి, ఆ ఒక్క ట్రాక్ నచ్చితే మిగతా ఆల్బమ్ మీరే వినేస్తారు.