ఆండీస్‌లో మేమూ, మనమూ

బయల్దేరే ముందు మా చిన్నది అనంతపురంలో ఉన్న వాళ్ళ అవ్వకి ఫోన్ చేసి, "అవ్వా, మనం పెరూ పోతున్నాం!" అంది. "నేనెక్కడ వస్తున్నానే తల్లీ, ఈ మోకాళ్ళతో?" అని అవ్వ నవ్వింది. అమెరికాలో పుట్టిన పిల్లలకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. ఇంగ్లిష్‌లో అన్నిటికీ 'వుయ్' ఒక్కటే. మేము, మనం అని రెండెందుకో వాళ్ళకి అర్థం కాదు. చెప్పీ చెప్పీ నేను విసిగిపోయాను.

పెరూలో, ఆండీస్ కొండల మీదున్న కుస్కో ఊళ్ళో దిగిన రోజు మాత్రం ఏ మాటలూ గుర్తులేవు. ఏడేళ్ళ పిల్ల, సాయంత్రం ఊరి నడుమ ఉన్న కూడలిలో పావురాల వెంట పరిగెత్తింది. వద్దంటే వినలేదు. రాత్రి తొమ్మిదికి, "అమ్మా, తల లోపల ఎవరో తంతున్నారు" అని నా ఒళ్ళో పడుకుంది. తర్వాత రెండు వాంతులు. కోవిడ్ రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ 83 శాతమే చూపించింది. డల్లాస్‌లో ఇంట్లో అదే వేలికి 98 చూపించిన మిషన్ అది. నాకు చేతులు వణికాయి.

కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల కొండలు నాలుగు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు. గుండె నిండా పీల్చినా సముద్ర మట్టం దగ్గర దొరికే ఆక్సిజన్‌లో సుమారు మూడింట రెండు వంతులే దొరుకుతుంది. ఇదంతా చదువుకునే వెళ్ళాం. విమానం దిగగానే నేరుగా పవిత్ర లోయకి, అంటే 600 మీటర్లు కిందికి వెళ్ళిపోవాలన్నది మా ప్లాన్. లీమాలో విమానం గంటల తరబడి ఆలస్యమైంది. చీకట్లో పిల్లలతో కొండ దారి ఎందుకని ఆ రాత్రికి కుస్కోలోనే ఉండిపోయాం. హోటల్ వాళ్ళు అడగకముందే ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టారు. పిల్ల పడుకుంది, నేనూ మా ఆయనా పడుకోలేదు.

తెల్లారగానే ఆ లోయలో ఉన్న ఒయాంతాయ్‌తాంబో అనే ఊరికి బయల్దేరాం. ఆ రోడ్డు ముందు ఇంకా పైకెక్కి ఆ తర్వాతే లోయలోకి దిగుతుంది. ఎక్కినంత సేపూ నేను పిల్ల వేలి మీద నుంచి ఆక్సీమీటర్ తియ్యలేదు. దిగడం మొదలయ్యాక అంకెలు ఒక్కొక్కటే పెరిగాయి, 86, 88, 90. ఊరు చేరగానే "ఆకలి" అంది. ఆ మాట వినడానికి నేను ఏ గుడికైనా మొక్కుకుని ఉండేదాన్ని. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి గట్టిగా చెప్తున్నాను, మొదటి రాత్రి కుస్కోలో వద్దు. ముందు లోయలో రెండు మూడు రోజులుండి అప్పుడు పైకి రండి. మందుల సంగతి మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. అక్కడ పెద్దవాళ్ళకి కోకా ఆకుల టీ ఇస్తారు. పిల్లలకి మేం మున్యా అనే ఆకు టీ పట్టాం. పుదీనా, వాము కలిపి నలిపినట్టు ఘాటుగా ఉంటుంది. మా చిన్నది రోజుకి మూడు కప్పులు తాగింది.

ఒయాంతాయ్‌తాంబో నాకు ఆ యాత్ర మొత్తంలో బాగా నచ్చిన ఊరు. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఈ కొండల్ని ఏలిన ఇంకాలు వేసిన వీధుల్లోనే ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, సందుకో పక్కన కాలువ, అందులో గలగలా పారే కొండ నీళ్ళు. 1537లో ఇంకాల రాజు మాంకో స్పెయిన్ సైన్యాన్ని ఓడించి వెనక్కి తరిమింది ఈ ఊరి కొండ మెట్ల దగ్గరే. మా పన్నెండేళ్ళ పెద్దోడు ఆ కథ గైడ్ దగ్గర రెండుసార్లు చెప్పించుకున్నాడు. చిన్నదానికి యుద్ధంతో పనిలేదు. గడప ముందు కూర్చుని కాలువలో ఆకు పడవలు వదలడం, సందు చివరికి పరిగెత్తి పట్టుకోవడం. రెండో రోజుకి పక్కింటి పిల్లలిద్దరు తోడయ్యారు. వాళ్ళ మధ్య భాష లేదు, ఆట ఆగలేదు.

నాలుగో రోజు చిన్‌చేరో వెళ్ళాం. అది కుస్కో కన్నా ఎత్తులో ఉన్న ఊరు, కానీ అప్పటికి పిల్లల ఒళ్ళు అలవాటు పడింది. అక్కడ నేతపని చేసే ఆడవాళ్ళ పెరట్లో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఒకావిడ ఒక దుంపని గోకి నీళ్ళలో వేసి గిలకొట్టింది. తెల్లటి నురుగు గిన్నె నిండా పొంగింది. అల్పాకా అంటే అక్కడ ఉన్ని కోసం పెంచే జంతువు, మురికిగా ఉన్న దాని ఉన్నిని ముంచి నాలుగుసార్లు పిసికితే తెల్లగా తేలింది. "కుంకుడుకాయలే!" అన్నాను పైకే. తర్వాత నాగజెముడు మట్ట ఒకటి తెచ్చింది. దాని మీద బూజులాగా తెల్లటి చుక్కలున్నాయి. గోటితో ఒకటి తీసి మా చిన్నదాని అరచేతిలో పెట్టి, వేలితో నలిపింది. ఆ తెల్ల చుక్క లోంచి చిక్కటి ఎరుపు వచ్చింది. అది కోచినీల్ పురుగు. నిమ్మరసం రెండు చుక్కలు పిండితే ఆ ఎరుపు నారింజ వైపు తిరిగింది. చిన్నది చెయ్యి ముయ్యకుండా, గోరింటాకు పెట్టుకున్నట్టు వేళ్ళు విడదీసి పట్టుకుని సాయంత్రం దాకా తిరిగింది.

అక్కడే ఆ మాట వచ్చింది. ఆవిడ మాట్లాడేది కెచువా, ఆ కొండల జనం భాష. మా గైడ్‌దీ అదే మాతృభాష. రెండు ముక్కలు నేర్పించమంటే, "మా భాషలో 'వుయ్' అనే మాటకి రెండు పదాలుంటాయి, బయటివాళ్ళకి ఇది తొందరగా అర్థం కాదు" అని మొదలుపెట్టాడు. మాట వింటున్నవాళ్ళని కలుపుకుంటే నోఖంచిస్. వాళ్ళని వదిలేసి మా వరకే అయితే నోఖైకు. మా పెద్దోడు ఎగిరి కూర్చున్నాడు. "అమ్మా! మనం, మేము!" అని అరిచాడు. గైడ్‌కి తెలుగు సంగతి చెప్తే అతను నిజంగా ఆశ్చర్యపోయాడు. స్పానిష్‌లో లేదు, ఇంగ్లిష్‌లో లేదు, భూమికి అవతలి వైపున్న మా భాషలో ఉందట! నేత నేసే ఆవిడకి కెచువాలో చెప్పాడు. ఆవిడ మమ్మల్నీ తననీ చేత్తో చుట్టి చూపించి, "నోఖంచిస్" అంది. నాకు కళ్ళు చెమర్చాయి. అవ్వ చెప్పినా, నేను చెప్పినా ఎక్కని మాట ఒక్క చేతి సైగతో పిల్లకి అర్థమైపోయింది.

మారాస్ అనే ఊరి ఉప్పు మడుల్లో మన శ్రీకాకుళం నౌపడ గుర్తొచ్చింది. కాకపోతే ఇక్కడ సముద్రం లేదు. కొండ లోంచి ఉప్పు ఊట వస్తుంది, దాన్ని సన్నటి కాలువతో వేల మడుల్లోకి మళ్ళిస్తారు. ఆ మడులు అక్కడి కుటుంబాలవే.

ఇంకాలు కొండ మీద కట్టిన పాత ఊరు మాచు పిచ్చు గురించి చాలామంది రాశారు, నేను పిల్లల తల్లులకి పనికొచ్చేది చెప్తాను. టికెట్ మీద గంట రాసి ఉంటుంది, పాస్‌పోర్ట్ తప్పనిసరి. బాత్రూమ్‌లు గేటు బయటే ఉన్నాయి, కాబట్టి లోపలికి వెళ్ళే ముందే పిల్లల్ని తీసుకెళ్ళండి. ఎత్తు భయం అక్కర్లేదు, అది 2,430 మీటర్లే, కుస్కో కన్నా దాదాపు కిలోమీటరు తక్కువ. మంచు తెరలు విడిపోయి ఊరు కనిపించినప్పుడు మేం నలుగురం మాట్లాడలేదు. కొండ ఊట నుంచి ముప్పావు కిలోమీటరు రాతి కాలువ తవ్వి, ఒకదాని కింద ఒకటిగా 16 నీటి ధారలు పెట్టారు. ఆరొందల ఏళ్ళ కింద, ఇనుప పనిముట్టు లేకుండా. సివిల్ ఇంజనీరైన మా ఆయన్ని ఆ ధారల దగ్గర నుంచి కదిలించడం కష్టమైంది.

అక్కడి నుంచి కుస్కో మీదుగా, టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న పూనోకి. దారిలో లా రాయా కనుమ 4,300 మీటర్ల పైమాటే. సంచిలోని చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది. గాలి ఎంత పలచనో పిల్లలకి నేను వేరే చెప్పక్కర్లేకపోయింది. కనుమ దాటాక పీఠభూమి మీద ఒక పొలం దగ్గర ఆగాం. జూన్ చివర అక్కడ గడ్డకట్టే చలికాలం. నేల మీద చిన్న చిన్న ఉర్లగడ్డలు పరిచి ఉన్నాయి. రాత్రి మంచుకి గడ్డకట్టిస్తారు, పగటి ఎండకి మెత్తబడ్డాక కాళ్ళతో తొక్కి నీళ్ళు పిండుతారు. అలా కొన్ని రోజులు చేస్తే బెండులా తేలికైపోతాయి. చూన్యో అంటారు, ఏళ్ళ తరబడి చెడిపోదు. మన ఒరుగులే. పొలం ఆవిడ రమ్మంటే పెద్దోడు బూట్లు విప్పి ఎక్కాడు. కాలి కింద దుంప స్పాంజిలా నొక్కుకుని చల్లటి నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి చిమ్మాయి. ఆవిడ వాడి పాదాలని తన శాలువాతో తుడిచింది.

ఉర్లగడ్డ పుట్టిల్లు ఈ కొండలే. మా అనంతపురం రైతు బతుకంతా ఏ చెనక్కాయ మీద నడిచిందో, ఆ చెనక్కాయ పుట్టింది కూడా ఆండీస్ తూర్పు దిగువనే, ఇప్పటి బొలీవియా, అర్జెంటీనాల వైపు. అది తెలిశాక నేను ఆ నేలని పరాయి దేశంలా చూడలేకపోయాను.

చివరి రాత్రి టిటికాకా సరస్సులో అమంతనీ ద్వీపంలో, ఒక రైతు కుటుంబం ఇంట్లో ఉన్నాం. కీన్వా సూప్, ఉడికించిన దుంపలు, వేయించిన జున్ను పెట్టారు. ఆ ఇంటి ఆవిడ గది చూపించి, పొయ్యి చూపించి, "వాసించిస్" అంది. వాసి అంటే ఇల్లు. నేను గైడ్ వైపు చూసేలోపే చిన్నది, "మా ఇల్లు అనలేదమ్మా, మనిల్లు అంది" అని చెప్పి వెళ్ళి పొయ్యి పక్కన కూర్చుంది.

డల్లాస్ వచ్చిన మర్నాడు అవ్వకి వీడియో కాల్. "అవ్వా, మేము పెరూ పోయొచ్చాం."

అవ్వ ఒక్క క్షణం ఆగింది. "ఏమన్నావు తల్లీ?"

"మేము. నువ్వు రాలేదు కదా. ఈసారి మనం పోదాం."

"పోదాంలే," అంది అవ్వ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "అది సరేగానీ, కాళ్ళతో తొక్కిన ఆ ఉర్లగడ్డ ఒరుగులు, నాకు నాలుగైనా తెచ్చినావా లేదా?"