లినక్స్‌లో వైఫై అడాప్టర్ పనిచేయించిన వైనం: నా అనుభవం

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక దుకాణంలో కొన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్, మా ఇంట్లోని ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) ఉన్న కంప్యూటర్‌లో నిన్న రాత్రి నుంచి నిక్షేపంగా పనిచేస్తోంది. కొనడానికి, తగిలించడానికి ఏ శ్రమా పడలేదు.

తగిలించగానే మాత్రం నెట్‌వర్క్‌ల జాబితాకు బదులు తెర మీద ఒక సీడీ బొమ్మ ప్రత్యక్షమైంది. తెరిస్తే అందులో విండోస్ ఇన్‌స్టాలర్ తప్ప మరేమీ లేదు. మార్చి ఇమ్మని దుకాణానికి తీసుకువెళితే, కౌంటర్‌లోని అబ్బాయి దానిని తన ల్యాప్‌టాప్‌కు పెట్టి చూపించి, మిగతా కొనుగోలుదారులందరూ వింటుండగా, “వస్తువు మంచిదే సార్, మీ సిస్టమే తేడా. లినక్స్ గినక్స్ ఎందుకు, విండోస్ వేయించుకోండి” అని నవ్వాడు. పెట్టె మీద లినక్స్ అని అచ్చయి ఉన్న చోటు చూపిస్తే, “అవన్నీ ఊరికే రాస్తారు” అన్నాడు. రాసినదానికే కదా మనం డబ్బు ఇచ్చేది!

ఇంటికి వచ్చి తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇస్తే గుట్టు బయటపడింది. విండోస్ వాడేవారికి డ్రైవర్ (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) వెంటనే అందాలని, రియల్‌టెక్ కంపెనీ చిప్ ఉన్న ఈ అడాప్టర్ మొదట తనను తాను సీడీ డ్రైవ్‌గా ప్రకటించుకుంటుంది. అప్పుడు దాని గుర్తింపు సంఖ్య 1ఏ2బీ. ఆ లేని సీడీని ఎజెక్ట్ చేస్తేనే అది సీ811గా, అంటే అసలు వైఫై పరికరంగా మారుతుంది. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ చేసేది ఆ పనే. తగిలించిన ప్రతిసారీ అది దానంతట అదే నడిచేలా యూడెవ్ నియమాలలో (పరికరం తగిలించగానే లినక్స్ ఏం చేయాలో చెప్పేవి) ఒక వరుస చేర్చాను.

అయినా నెట్‌వర్క్ కనబడలేదు, ఎందుకంటే నా కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) వెర్షన్ 5.15, ఈ చిప్‌కు కావలసిన ఆర్‌టీడబ్ల్యూ88 యూఎస్‌బీ డ్రైవర్ కెర్నల్‌లో చేరింది 6.2 నుంచి. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ద్వారా, అంటే ఫోన్ ఇంటర్నెట్‌ను కంప్యూటర్‌కు అందించి, ఉబుంటు ఇచ్చే కొత్త కెర్నల్ అయిన హెచ్‌డబ్ల్యూఈని దించుకుని రీబూట్ చేయగానే, ఇరుగుపొరుగు ఇళ్ల వైఫై పేర్లన్నీ బారులు తీరాయి.

బయటి డ్రైవర్‌ను కంపైల్ చేసుకోమనీ, అందుకోసం సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆపేయమనీ చెప్పేవారి మాట వినకండి. కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంటే ఆ రెండూ అక్కరలేదు. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు చిప్‌లు అమ్ముతారు కనుక, కొనేముందు చిప్ పేరు, వెర్షన్ అడగండి. చెప్పలేని దుకాణంలో మౌస్ కూడా కొనకండి.