మా ఊరి స్తూపం మీద లేని పేరు

పరకాల అవతల ఉన్న మా ఊరి నుంచి గత నెలలో నలుగురు యువకులు హనుమకొండలోని మా ఇంటికి వచ్చారు. ఊరి పొలిమేరలో, చెరువు కట్టకు దిగువన, చనిపోయిన నక్సలైట్ల పేర్లతో సగం కూలి మొండిగా నిలబడిన ఎర్ర స్తూపాన్ని మళ్లీ కట్టించాలనుకుంటున్నామని, అందుకు చందా కావాలని అడిగారు. వాళ్లలో ఎవరికీ ముప్పై ఏళ్లు నిండలేదు. స్తూపం మీద పేర్లున్నవాళ్లలో ఒక్కరిని కూడా వాళ్లు చూసి ఉండరు. అయినా ఆ పేర్లు చెప్పేటప్పుడు వాళ్ల గొంతులో వినిపించిన గౌరవం నిజమైనది, దానిని నేను తక్కువ చేయను. ఇస్తాననీ ఇవ్వననీ ఆ రోజు చెప్పలేకపోయాను. ఆయుధం పట్టి మనుషులను చంపిన, చంపించిన నాయకుడిని వీరుడిగా తలచుకోవచ్చునా అన్న ప్రశ్న నన్ను చిన్ననాటి నుంచీ వెంటాడుతున్నదే. వాళ్లు వెళ్లిపోయాక అది మళ్లీ ముందుకొచ్చి కూర్చుంది.

మన ప్రాంతంలో ఈ ప్రశ్న నక్సలైట్లతో మొదలైనది కాదు. కాకతీయ సైన్యంతో పోరాడి నేలకొరిగిన సమ్మక్క సారలమ్మలను రెండేళ్లకోసారి మేడారం గద్దెల మీదికి తెచ్చుకొని, నిలువెత్తు బెల్లం బంగారంగా సమర్పించుకునే నేల ఇది. ఓరుగల్లు కోట తోరణాలను చూసి గర్వపడే మనమే, ఆ కోట ఏలికల సైన్యం చేతిలో చనిపోయినవాళ్లకు మొక్కుతాము. రెండు జ్ఞాపకాలనూ ఒకే గుండెలో మోయడం మనకు కొత్తేమీ కాదని చెప్పడానికే ఈ మాట అంటున్నాను.

సర్వాయి పాపన్న సంగతి ఇంతకంటే చిక్కైనది. ఏటా ఆగస్టు 18న ప్రభుత్వమే ఆయన జయంతిని జరుపుతున్నది. జనగామ జిల్లా ఖిలాషాపూర్‌లో ఆయన కోట బురుజులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. కల్లుగీత కులంలో పుట్టి, కులవృత్తి చేయనని కత్తి పట్టి, హిందువులనూ ముస్లింలనూ కలిపి దండు కట్టి మొగలు అధికారులను ఎదిరించిన మనిషిని గౌడ సోదరులే కాదు, అణగారిన కులాలన్నీ తమవాడనుకోవడంలో ఎంతో న్యాయం ఉంది. కానీ 1708లో మొహర్రం రోజుల్లో ఆయన దండు వచ్చిపడి దోచుకున్నది మన వరంగల్ పట్టణాన్నే. జనం పీర్ల పండుగలో మునిగి ఉన్న వేళ గోడలెక్కి లోపలికి దిగారు. అంగళ్లూ ఇళ్లూ దోచుకున్నారు. స్త్రీలనూ పిల్లలనూ పట్టుకుపోయి కోటలో బంధించారు. ఈ సంగతులు రాసిపెట్టిన ఖాఫీ ఖాన్ మొగలు కొలువు వైపు మనిషి, గీత కులంవాడు కోట కట్టుకోవడాన్ని సహించలేని చూపు అతనిది. ఆ పక్షపాతాన్ని లెక్కలోకి తీసుకోవలసిందే. 1710లో పాపన్నను చంపి తలను పాదుషా కొలువుకు పంపినవాళ్ల క్రూరత్వాన్నీ మరచిపోకూడదు. అయితే రాసినవాడు శత్రువైనంత మాత్రాన ఆ స్త్రీలు లేకుండా పోరు. పాపన్న కథ వింటూ పులకించిపోయిన ప్రతిసారీ, ఆ రాత్రి వరంగల్ ఇళ్లలో తలుపులు బిగించుకొని కూర్చున్నవాళ్లు ఎవరన్న ఆలోచన నాకు కలుగుతుంది. వాళ్లలో దర్పం గల అధికారులతో పాటు, ఏ పాపమూ ఎరుగని వాళ్లూ ఉండి ఉంటారు. వాళ్ల కోసం పాట కట్టినవాళ్లెవరూ లేరు.

పాపన్న విగ్రహం తీసేయాలని నేను అనడం లేదు. తిరగబడినవాడి హింసనూ, తిరగబడక తప్పని స్థితి కల్పించిన హింసనూ ఒకే గాటన కట్టేవాళ్లతో నాకు ఏకీభావం లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు నేలకొరిగినప్పుడు ఆ ఊరేగింపులో ఉన్నవాళ్ల చేతుల్లో కర్రలూ వడిసెలలే ఉన్నాయి. మరుసటి ఏడు సెప్టెంబరు 2న మా పరకాలలో జాతీయ జెండా ఎగరవేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి. ఆ నెల 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో బురుజు మీద నుంచి తుపాకులు పేల్చి ఊరిని కాచుకున్నవాళ్లను నిజాం సైన్యమూ రజాకార్లూ ఫిరంగులతో వచ్చి చంపారు, ఒక్క రోజులో వంద మంది దాకా పోయారు. వెట్టి చేయించుకొనే దొర మీద దరఖాస్తు పెట్టుకుందామంటే ఆలకించే కోర్టు లేదు, వేయడానికి ఓటు లేదు. గడీ లోపలి మాటే చట్టమైన కాలంలో బురుజు ఎక్కినవాణ్ణి వీరుడనడానికి నాకు క్షణం కూడా సంకోచం లేదు. జోడెఘాట్ కొండల్లో 1940లో చనిపోయిన కొమురం భీం విషయంలోనూ అంతే.

కానీ ఆ పోరాటంలో నేను అన్నింటికంటే ఎక్కువగా తలచుకునేది తుపాకీ ఎత్తిన రోజును కాదు. 1948 సెప్టెంబరు 17 తర్వాత, నిజాం పాలన పోయాక, ఇంకా ఆయుధాలు ఎందుకని రావి నారాయణరెడ్డి తన పార్టీలోనే వాదించాడు. తాను పిలిచి తెచ్చుకున్న పిల్లలు అడవుల్లో చనిపోతున్నప్పుడు, ఆ పిలుపుకు కాలం చెల్లిందని చెప్పడానికి ఎంత గుండె కావాలి! పోరాట విరమణ 1951 అక్టోబరు 21న గానీ రాలేదు, ఆ మూడేళ్లలో పోయిన ప్రాణాలను ఇక ఎవరూ తిరిగి తేలేరు. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు ఆయనకు నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేసి పంపారు. తుపాకీ పట్టినందుకు కోపం ఉంటే వేసేవాళ్లు కాదు. దించమన్నందుకు చిన్నచూపు ఉన్నా వేసేవాళ్లు కాదు.

ఇక మా తరం చూసిన కాలానికి వస్తే మాట తడబడుతుంది. 1978లో జగిత్యాల జైత్రయాత్ర నాడు దొరల ముందు తలెత్తి నడిచినవాళ్లు కూలీలూ పాలేర్లూ. ఆ నడకలోని ఆత్మగౌరవం లేకపోతే మా ఊళ్లో మాదిగవాడకు చెందినవాళ్లు చెప్పులు వేసుకొని దొర వాకిలి ముందు నుంచి నడవడానికి ఇంకెన్నేళ్లు పట్టేదో. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేల్చింది పోలీసులు. 1985 సెప్టెంబరు 3న, పౌరహక్కుల కోసం నిలబడిన పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథంను వరంగల్‌లో ఆయన ఆసుపత్రిలోనే కాల్చి చంపారు. రాజ్యం చేసిన హత్యలను పక్కన పెట్టి అన్నల హింస గురించి మాత్రమే మాట్లాడే న్యాయం నాకు రుచించదు. అలాగే 1999 ఏప్రిల్ 13న మాజీ స్పీకర్ శ్రీపాదరావును నక్సలైట్లు చంపినప్పుడు, దానివల్ల ఏ పేదవాడికి ఏ మేలు జరిగిందో ఈనాటికీ నాకు ఎవరూ చెప్పలేకపోయారు. పెద్దపల్లిలో పుట్టిన మావోయిస్టు నాయకుడు కిషన్‌జీ 2011 నవంబరులో బెంగాల్‌లో చనిపోతే, ఇక్కడికి తెచ్చిన శవాన్ని చూడటానికి జనం తండోపతండాలుగా వచ్చారు. అది ఆ ఊరి బిడ్డ మీద ప్రేమ. బెంగాల్ అడవి ప్రాంతమైన జంగల్‌మహల్‌లో ఆయన నాయకత్వాన జరిగిన హత్యల్లో చనిపోయిన సామాన్య సీపీఎం కార్యకర్తల ఇళ్లలోనూ ఆ రోజు తల్లులు ఉన్నారన్నది కూడా అంతే నిజం. ఆయన తమ్ముడు వేణుగోపాల్ 2025 అక్టోబరులో గడ్చిరోలిలో ఆయుధం అప్పగించాడు. చనిపోయిన అన్న వీరుడు, బతికొచ్చిన తమ్ముడు ద్రోహి అనే మాట నాకు చాలాసార్లు వినపడింది, విన్న ప్రతిసారీ బాధ కలిగింది. చావునే కొలమానం చేసుకుంటే, బతికి తప్పు ఒప్పుకొనే దారిని మనమే మూసేసినట్టవుతుంది.

నేను ఇలా ఆలోచించడానికి కారణం మా పక్కింటి మనిషి, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమె భర్త. 1990ల చివర్లో, నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో, బడి ముందరి రావిచెట్టు కింద ఆయన శవం దొరికింది. ఛాతీ మీద రాయి కింద పెట్టిన కాగితంలో ‘పోలీసు ఇన్‌ఫార్మర్’ అని రాసి ఉంది. ఆయన స్టేషనుకు మూడుసార్లు వెళ్లిన మాట నిజం, గెట్టు తగాదాలో ఫిర్యాదు చేయడానికి వెళ్లాడు. బడిపంతులైన మా బాపు ఆ ఫిర్యాదు తన చేత్తోనే రాసిచ్చాడు. కొన్ని నెలలకు దళం నుంచి లొంగిపోయి వచ్చిన ఒకతను పొరపాటు జరిగిందని బాపుతో చెప్పి ఏడ్చాడట. ఆ మాట అతను పెద్దమ్మ ఇంటికి వెళ్లి చెప్పలేదు. బురుజు మీద కాపలా కాసినవాడికీ, చేతులు కట్టేసి మోకాళ్ల మీద కూర్చోబెట్టిన మనిషి మీద తీర్పు చెప్పినవాడికీ మధ్య నేను గీసే గీత అక్కడ ఉంది. మొదటివాడు తన మీదికి వచ్చినవాడిని ఎదిరించాడు. రెండోవాడు దొర గడీలో జరిగే పనినే చెట్టు కింద చేశాడు.

కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన బాలగోపాల్ ఈ విషయంలో నాకు దారి చూపిన మనిషి. బూటకపు ఎన్‌కౌంటర్ల మీద ఊరూరా తిరిగి నిజాలు బయటపెట్టి, అందుకు జైలుకూ వెళ్లినవాడు, ఉద్యమం చేసే హత్యల గురించి కూడా అడగాలని 1990లలో గట్టిగా అన్నాడు. పాత మిత్రులు దూరమైనా ఆ మాట వెనక్కి తీసుకోలేదు, 1998లో మానవ హక్కుల వేదికతో తన దారి తాను చూసుకున్నాడు.

గత ఆదివారం ఆ యువకులను ఊళ్లోనే కలిశాను. చందా ఇస్తానని, కానీ అదే స్థలంలో, వేరే రాయి మీదనైనా సరే, రావిచెట్టు కింద చనిపోయిన మనిషి పేరు కూడా ఉండాలని అడిగాను. వాళ్లలో పెద్దవాడు చాలాసేపు నేల చూసి, ‘‘అట్లయితే అందరినీ ఒక్క లెక్కల కట్టినట్టు కాదా సార్?’’ అన్నాడు. మంచి ప్రశ్న. ప్రజల కోసం ఇల్లు వదిలి అడవికి పోయినవాడి త్యాగమూ, గెట్టు కోసం స్టేషనుకు పోయినవాడి చావూ ఒకటి కావని నేనూ ఒప్పుకున్నాను. అయితే రెండూ మన ఊరి చావులే గనుక, ఒకదాన్ని రాతి మీద రాసి ఇంకొకదాన్ని గుసగుసల్లో దాచిపెట్టినంత కాలం ఆ త్యాగం కూడా పూర్తిగా మనది కాదని చెప్పాను. పెద్దమనుషులను అడిగి చెబుతామన్నారు.

తిరిగి వచ్చేముందు పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. కళ్లు సరిగా కనిపించకపోయినా ఒళ్లో చేట పెట్టుకొని బీడీలు చుడుతూనే ఉంది. స్తూపం సంగతి, నేను అడిగిన సంగతి చెప్పాను. దారం ముడి వేస్తూ కాసేపు ఏమీ అనలేదు.

‘‘పేరు రాస్తే ఏమొస్తది కొడుకా,’’ అన్నది చివరికి. ‘‘ఇన్‌ఫార్మర్ కాదని రాయమను.’’