నీడ కోసం వెళ్తే నీరు ఎదురైంది

మే నెల ఎండలో విజయనగరం వెళ్లాను. నడి మధ్యాహ్నం ఊరి జనం ఎక్కడ కూర్చుంటారో చూడాలని కావాలనే ఆ వేళ ఎంచుకున్నాను.

గంటస్తంభం దాటి కోట చేరేసరికి పన్నెండున్నర. 1713లో పునాది వేసిన కోట అది. గోడ వారన సన్నటి నీడలో ఒకామె ముంజెలు అమ్ముతోంది. "నీడ జరిగితే నా గంపా జరుగుతుంది బాబూ" అంది. పొద్దున ఒక పక్క, సాయంత్రం ఇంకో పక్కనట. చెట్టు ఉంటే ఆమెకు ఈ తిప్పలు ఉండవు.

తర్వాత వెళ్లిన పార్కులో చెట్లున్నాయి, మనుషులు లేరు. రాతి బెంచీలు కాలిపోతున్నాయి. చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పలకలు పరిచేశారు, జానెడు మట్టి కూడా వదల్లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది. చెట్టు వేళ్లతో తాగిన నీటిని ఆకుల నుంచి ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. వాన నేలలోకి ఇంకకపోతే అది తాగేదేమిటి? సిమెంటు మాత్రం పగలంతా పీల్చిన వేడిని రాత్రి మన మీదికే వదులుతుంది.

నాలుగింటికి గాలివాన పట్టుకుంది. పార్కు రోడ్డు కంటే ఎత్తు. అరగంటలో నీరంతా గేటులోంచి రోడ్డు మీదికి దూకింది. చీలమండలు మునిగాక ఎదుటి కొట్టు అరుగెక్కి నిలబడ్డాను.

బ్యాంకాక్‌లో 2017లో తెరిచిన చూలాలాంగ్‌కార్న్ శతాబ్ది పార్కు గుర్తొచ్చింది. పదకొండు ఎకరాల నేలను ఒక వైపుకు వాల్చి దిగువన చెరువు పెట్టారు. దాదాపు 38 లక్షల లీటర్ల వాననీరు ఆ పార్కులో ఆగుతుంది. దాన్ని రూపొందించిన కొచ్చకార్న్ వొరాకోమ్ ఆ ఊరి మనిషే. మనకు ఇది కొత్త విద్య కాదు. పల్లం చూసి చెరువు తవ్వడం, గట్టున చెట్లు నాటడం మన పెద్దలు చేసిన పనే. పైడితల్లి అమ్మవారు వెలసిందని చెప్పుకొనే పెద్దచెరువు ఈ ఊళ్లోనే ఉంది. ఈ పార్కును రెండడుగులు దించి, చెట్ల చుట్టూ పలకలు పీకేసినా చాలు, సగం బాధ తీరుతుంది.

వాన వెలిశాక పెద్దచెరువు గట్టుకు వెళ్లాను. చల్లటి గాలి. పిల్లలు, ముసలివాళ్లు, పనుల నుంచి తిరిగొచ్చేవాళ్లు, అందరూ అక్కడే. చీకటి పడేదాకా కదలబుద్ధి కాలేదు.

తిరిగి వస్తూ ఆ పార్కు ముందు ఆగాను. లోపల పలకలు అప్పుడే ఆరిపోయాయి. గేటు బయట నీరు ఇంకా నిలిచే ఉంది.