కోర్టుల్లో ఏఐ: కాపలా కాసేవాళ్లకి ఏం నేర్పాలి?

ఏఐ శిక్షణ పేరుతో లాయర్లకీ కోర్టు సిబ్బందికీ సాధారణంగా దక్కేది ఓ గంట ఉపన్యాసం, చివర్లో ఓ సర్టిఫికెట్. న్యూరల్ నెట్‌వర్క్ బొమ్మ చూసినంత మాత్రాన దొంగ సైటేషన్ (లేని తీర్పుని ఉన్నట్టు చూపించడం) పట్టుకోవడం రాదు. అది చేసి నేర్చుకోవాల్సిన పని. శిక్షణలో సగానికి పైగా సమయం దానికే పోవాలి.

పద్ధతి ఇదీ. నలభై పేజీల కేసు ఫైలు, దానికి ఏఐ రాసిన సారాంశం ఇవ్వండి. సారాంశంలో ముందే కొన్ని తప్పులు దాచండి, ఎన్నో చెప్పకండి. సాక్షి "చూడలేదు" అన్నది "చూశాను" అయిపోవాలి. ఒక తేదీ మారాలి. భిన్నాభిప్రాయం రాసిన జడ్జి మాట మెజారిటీ తీర్పులా కనపడాలి. ఒక ముఖ్యమైన వాంగ్మూలం అసలు లేకుండా పోవాలి. ఎక్కువమంది తప్పిపోయేది ఈ చివరి దాని దగ్గరే, ఎందుకంటే ఉన్న వాక్యాన్ని సరిచూడగలం గానీ లేనిదాన్ని సారాంశం చదివి కనుక్కోలేం. అందుకే సారాంశం తెరవకముందే అసలు ఫైలులోంచి ముఖ్యమనిపించిన అంశాలు రాసిపెట్టుకుని, తర్వాత పోల్చడం అలవాటు చేయాలి. వరుస తిరగబడితే యంత్రం చెప్పిందే మన అభిప్రాయమైపోతుంది.

సైటేషన్ తనిఖీకి మూడు మెట్లు. ఆ తీర్పు ఉందా? అందులో నిజంగా ఆ మాట ఉందా? ఆ తీర్పు ఇంకా చెల్లుతుందా, లేక తర్వాత ఎవరైనా కొట్టేశారా? చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో అదీ సరిగ్గా జరగలేదు: చాట్‌జీపీటీ పుట్టించిన ఆరు కేసులు కోర్టు కాగితాల్లోకి ఎక్కాయి. అవి నిజమేనా అని లాయరు మళ్లీ చాట్‌జీపీటీనే అడిగితే, నిజమేనంది. జరిమానా 5,000 డాలర్లు పడింది. పరీక్షించాల్సిన పరికరాన్నే సాక్షిగా పిలవకూడదని ఇంతకంటే బాగా చెప్పే కేసు లేదు.

ఇక అంకెలు. లాయర్లు తప్పించుకోవాలని చూసే భాగం ఇదే, వదలకండి. "80 శాతం కచ్చితత్వం" ఉందని చెప్పే, ఎవరు మళ్లీ నేరం చేస్తారో అంచనా వేసే పరికరాన్ని తీసుకుందాం. 1,000 మందిలో మళ్లీ నేరం చేసేవాళ్లు 100 మంది అనుకోండి. అది వాళ్లలో 80 మందిని పట్టుకుంటుంది. మిగతా 900 మందిలో 180 మందిని కూడా ప్రమాదకరం అంటుంది. అంటే అది వేలు చూపించిన 260 మందిలో నిజంగా నేరం చేసేవాళ్లు 80 మందే, 31 శాతం. బెయిల్ ఉత్తర్వు మీద సంతకం చేసేవారికి కావాల్సిన అంకె ఇది, 80 కాదు.

అమెరికాలో కాంపాస్ గొడవ కూడా ఇక్కడే చెప్పాలి. నిందితుడు మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతో స్కోరు వేసే సాఫ్ట్‌వేర్ అది. ఫ్లోరిడాలోని ఒక కౌంటీ కేసులు తీసుకుని 2016లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ లెక్క తేల్చింది: మళ్లీ నేరం చేయని నల్లజాతివాళ్లలో 44.9 శాతం మందిని, తెల్లవాళ్లలో 23.5 శాతం మందిని కాంపాస్ పొరపాటున ప్రమాదకరంగా గుర్తించింది. ఒకే స్కోరు వచ్చినవాళ్లు, ఏ జాతివాళ్లయినా దాదాపు ఒకే స్థాయిలో మళ్లీ నేరం చేస్తున్నారని కాంపాస్ తయారుచేసిన కంపెనీ వాదన. రెండు సమూహాల్లో మళ్లీ అరెస్టయ్యే రేటు వేరైనప్పుడు తప్పుల రేటు సమానంగా ఉండటం, ఒకే స్కోరుకి ఒకే అర్థం ఉండటం, ఈ రెండు రకాల సమానత్వాలూ ఒకేసారి కుదరవు. ఏది కావాలో తేల్చాల్సింది గణితం కాదు, చట్టం. అదే ఏడాది, శిక్ష వేయడంలో కాంపాస్ స్కోరు వాడటాన్ని ప్రశ్నించిన లూమిస్ కేసులో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, స్కోరు పక్కన హెచ్చరికలు రాయాలని, శిక్షని తేల్చేది అదే కాకూడదని చెప్పి వాడకాన్ని ఒప్పుకుంది. నన్నడిగితే హెచ్చరిక చదవడం వేరు, దాన్ని వాడటం వేరు.

యూరప్ ఏఐ చట్టం 14వ అధికరణం ఇంకాస్త ముందుకెళ్లింది: యంత్రం మీద అతిగా ఆధారపడే ధోరణిని పర్యవేక్షకులు గుర్తుంచుకోవాలి, ఫలితాన్ని పక్కన పెట్టగలగాలి, అవసరమైతే ఆపేయగలగాలి. కాగితం మీద అధికారం సరే, దానికి టైమ్ కూడా ఇవ్వాలి. ఒక్కో ఫైలుకి మూడు నిమిషాలిస్తే ఎంత శిక్షణ ఉన్నా జరిగేది రబ్బరు స్టాంపే.

అందుకే రికార్డు పెట్టాలి: ఏ పరికరం, ఏ వెర్షన్, ఏం అడిగారు, ఏం వచ్చింది, ఎవరు ఏం మార్చారు, ఎందుకు. నెలల తరబడి ఒక్క మార్పూ నమోదు కాకపోతే పరికరాన్ని మెచ్చుకోకండి. పాత ఫైళ్లలోంచి కొన్ని తీసి, మరొకరి చేత మొదటి నుంచీ చదివించండి.