చేపల లిస్టు పక్కన పెట్టేశాడు

మాల్ మధ్యలో పెద్ద అక్వేరియం ప్లాన్ చేసే పని వచ్చింది కదా అని ముందు రంగురంగుల చేపల లిస్టు రాసుకున్నాను. స్ట్రక్చరల్ ఇంజినీరు దాన్ని పక్కన పెట్టి, "నీళ్ళు ఎంత ఎత్తండీ?" అన్నాడు. రెండు మీటర్లన్నాను. డ్రాయింగు మీద పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టాడు: చదరపు మీటరుకు రెండు టన్నులు. ఒట్టి నీళ్ళ బరువే అది. అక్రిలిక్ గోడలు, రాళ్ళు, ఇసుక అదనం. మూడో అంతస్తులో పెట్టాలన్న ఆశ అక్కడే వదిలేశాం.

2022 డిసెంబరులో బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలోని ఆక్వాడోమ్ అనే భారీ అక్వేరియం పగిలి సుమారు 10 లక్షల లీటర్ల నీళ్ళు ఒక్కసారిగా బయటపడ్డాయి. తెల్లవారుజాము కాబట్టి లాబీలో జనం పెద్దగా లేరు. అది చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, నిజంగా.

ఇంకో టెన్షన్ ఓపెనింగ్ డేట్. నీళ్ళు నింపిన రోజే చేపల్ని వదలలేం. వాటి వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి వారాలు పడుతుంది. రిబ్బన్ కటింగ్‌కు తొందరపడే మేనేజరుకు ఇది చెప్పడం కంటే స్లాబు లెక్కలే నయం.

ఇప్పుడు డ్రాయింగులో వెనకాల పంపుల గది, జనరేటర్ లైను, లోపలికి దిగి తుడిచే మనిషికి పైనుంచి దారి ఉన్నాయి. ఆ దారి మొదట మర్చిపోయింది నేనే.