లాన్ ట్రాక్టర్ బెల్టుకి బిగించే నట్టు కోసం వెతక్కండి

ఒహాయోలో ఎకరంపైన గడ్డి ఉన్న ఇల్లు కొంటే, దాంతోపాటు కూర్చుని నడిపే గడ్డి ట్రాక్టర్ కూడా కొనుక్కోవాల్సిందే. ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా ఒక్క వారం వదిలేశామంటే ఆ తర్వాత కొయ్యడం నరకం. మా పెరడు సగం చదును, సగం వాలు. ఈ ఏడాది మొదటి కోతకే నా ట్రాక్టర్ చదును మీద బుద్ధిగా నడిచింది, వాలు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇంజన్ హోరుమంటోంది గానీ బండి ముందుకు కదలదు, బ్రేక్ పెడల్ మీద కాలు తీసినప్పుడల్లా కీచుమని అరుపు, కాసేపటికి కాలిన రబ్బరు వాసన. ఇంజన్ బలాన్ని వెనక చక్రాల వైపు తీసుకెళ్ళే డ్రైవ్ బెల్టు పని అయిపోయిందని అక్కడే తెలిసిపోయింది.

మీ బండి కూడా ఇలాగే మొరాయిస్తుంటే బెల్టుకి ఆర్డర్ పెట్టేముందు పైసా ఖర్చు లేని రెండు చోట్లు చూడండి. హైడ్రోస్టాటిక్ బండి (గేర్ల బదులు ఆయిలు ఒత్తిడితో నడిచేది, హైడ్రో అని కూడా అంటారు) అయితే వెనకవైపు ఒక చిన్న కడ్డీ ఉంటుంది, ఇంజన్ ఆపి బండిని చేత్తో తోసుకోవడానికి దాన్ని లాగుతాం. అది పూర్తిగా లోపలికి వెళ్ళకపోతే కొత్త బెల్టు వేసినా బండి కదలదు. రెండోది వెనక చక్రం. చాలా బళ్ళలో చక్రానికీ ఇరుసుకీ మధ్య వేలెడు పొడవున్న ఇనప ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని కీ అంటారు. అది జారిపోతే ఇరుసు లోపల ఉత్తినే తిరుగుతుంది, చక్రం అలాగే నిలబడి ఉంటుంది. చక్రం మధ్యలో ఉన్న ప్లాస్టిక్ మూత తీసి చూస్తే చాలు.

ఇక బెల్టు. పాతది తీసి టేపుతో కొలిచి, అదే పొడవుది షాపులో అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. పాతది సాగి ఉంటుంది, పక్కలు అరిగి సన్నబడి ఉంటుంది, ఆ కొలత దాని అసలు కొలత కాదు. సీటు ఎత్తితే స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది (పాత క్రాఫ్ట్స్‌మన్ బ్రాండు బళ్ళలో చాలావాటికి 917తో మొదలవుతుంది), దాన్నిబట్టి పార్టు నంబరు వెతికి ఆ నంబరుదే కొనండి. ఇలాంటి వి-బెల్టు (అడుగు సన్నగా, పైన వెడల్పుగా ఉండేది) పుల్లీని, అంటే అది తిరిగే గాడి చక్రాన్ని, పట్టుకునేది అడుగుతో కాదు, రెండు పక్కలతో. గాడిలో చీలలాగా బిగుసుకుంటుంది కాబట్టే అంత సన్న బెల్టు అంత బరువు లాగుతుంది. పక్కలు అరిగాక బెల్టు గాడిలోకి దిగిపోయి అడుగుకి ఆనుతుంది, ఇక ఆ బిగువు రాదు, ఎంత లాగినా జారుడే. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తోందంటే అక్కడ జరుగుతున్నది ఇదే.

ఇంకో విషయం, ఇది తెలియకే మనవాళ్ళు ఎక్కువ డబ్బు తగలేస్తారు. గేర్ల బండి అయినా హైడ్రో అయినా, పెడల్ తొక్కితే బెల్టు వదులయ్యే ఏర్పాటున్న వాటిలో బెల్టే క్లచ్. కారులోలాగా వేరే క్లచ్ ప్లేటు ఉండదు. పెడల్ తొక్కితే ఐడ్లర్ పుల్లీ (బెల్టుని నొక్కి బిగువుగా ఉంచే చిన్న చక్రం) పక్కకి జరిగి బెల్టు వదులవుతుంది, ఇంజన్ పుల్లీ ఆ వదులు బెల్టు మధ్యలో ఊరికే తిరుగుతుంది. వదిలితే స్ప్రింగు మళ్ళీ లాగుతుంది, ఆ క్షణంలో బెల్టు కాస్త జారుతూ పట్టుకుంటుంది. అంటే ఈ బెల్టు పట్టడమే కాదు, వదలడం కూడా తెలిసినదై ఉండాలి. అందుకే లోపల కెవ్లార్ దారాలు, పైన బట్ట చుట్టు ఉన్న బెల్టులే వేస్తారు. కెవ్లార్ అంటే బులెట్ ప్రూఫ్ జాకెట్లలో వాడే పీచే, 1965లో డ్యూపాంట్ ల్యాబులో స్టెఫానీ క్వోలెక్ కనిపెట్టింది. వెడల్పు ఒకటే కదా అని మామూలు పాలియెస్టర్ దారాల బెల్టు తెచ్చి వేస్తే ఆ రాపిడి వేడికి త్వరగా సాగి, కాలిపోతుంది.

ఫోన్లో ఈ సంగతి చెబితే నాన్న "బెల్టు జారుతుంటే మైనం ముక్క రుద్దరా, కొత్తదెందుకు" అన్నాడు. పొలంలో ఆయిల్ ఇంజన్ పట్టా బెల్టుకి ఆయన జీవితమంతా చేసింది అదే, దానికి అది సరైన వైద్యమే. ఇక్కడ మాత్రం కుదరదు. అలాంటి జిగట రుద్దితే బెల్టు వదలాల్సినప్పుడు వదలదు, పెడల్ తొక్కినా బండి పాకుతూనే ఉంటుంది. పైగా ఆ జిగటకి గడ్డి దుమ్మంతా అంటుకుంటుంది.

మార్చడం కష్టమేం కాదు, ఓపిక కావాలి. బండిని చదునులో పెట్టి, స్పార్క్ ప్లగ్ వైరు పీకి, బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. పార్కింగ్ బ్రేక్ వెయ్యండి, అది వేస్తే పెడల్ కిందకి దిగి ఉంటుంది కాబట్టి బెల్టు దానంతటదే వదులవుతుంది. డెక్ (కింద గడ్డి కోసే బ్లేడ్లుండే పెట్టె) పూర్తిగా బయటికి లాగెయ్యండి, అది ఉండగా కింద చెయ్యి దూర్చి చేద్దామనుకుంటే రెట్టింపు టైం పడుతుంది. వెనక భాగం జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. కొందరు బండిని నిలువునా లేపి గోడకి ఆనిస్తారు, ట్యాంకులో పెట్రోలు ఉండగా అది నాకస్సలు నచ్చదు, ఆయిలు కూడా ఎయిర్ ఫిల్టర్లోకి వస్తుంది.

ఏదీ కదపకముందే ఫోనుతో నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. తర్వాత బెల్టుని ఐడ్లర్ల మీంచి తప్పించి, వదులంతా వెనక్కి లాగి, వెనక చక్రాల్ని తిప్పే ట్రాన్స్‌మిషన్ పుల్లీ మీంచి పైకి తియ్యాలి. హైడ్రో అయితే అక్కడ ప్లాస్టిక్ ఫ్యాన్ ఉంటుంది, ఒక్కో రెక్కా దాటిస్తూ తియ్యాలి, విసుగొచ్చి లాగితే రెక్క విరుగుతుంది. ముందువైపు బ్లేడ్లని తిప్పే ఎలక్ట్రిక్ క్లచ్ ఉంటే దాని వైరు ప్లగ్గు పీకి, అది తిరగకుండా ఆపే పట్టీ బోల్టు తీస్తే గానీ బెల్టు కిందకి రాదు. కొత్తది ఇదే దారిలో వెనక్కి. పుల్లీల పక్కన వంచిన కడ్డీలుంటాయి, బెల్టు ఎగిరిపోకుండా కాపాడేవి, బెల్టు వాటి లోపలినుంచే వెళ్ళాలి. చివర్లో ఒకసారి వేలితో బెల్టు మొత్తం తడుముతూ రండి. గాడి ఉన్న పుల్లీలో బెల్టు సన్న వైపు కూర్చోవాలి, గాడి లేని చదును పుల్లీకి బెల్టు వీపు తగలాలి. ఎక్కడైనా తిరగబడి కనిపిస్తే మెలికపడిందన్నమాట.

అందరూ అడిగేది "ఎంత టైట్ చెయ్యాలి?" అని. నా బండి లాంటి చాలావాటిలో ఈ బెల్టుకి బిగించే నట్టే ఉండదు. టెన్షన్ మొత్తం స్ప్రింగుదే. కొన్ని పాత బళ్ళలో పెడల్ కడ్డీకి నట్టు ఉంటుంది, ఉంటే మాన్యువల్లో చెప్పిన కొలత పెట్టండి, అంతకుమించి తిప్పితే పెడల్ తొక్కినా బెల్టు వదలదు. కొత్త బెల్టు కూడా జారుతోందంటే చూడాల్సింది ఐడ్లర్ చేతిని, అంటే ఆ పుల్లీని మోసే కడ్డీని. అది తిరిగే చోట తుప్పు, ఎండిన గడ్డి పేరుకుని బిగుసుకుపోతే స్ప్రింగు ఎంత లాగినా చెయ్యి కదలదు. విప్పి, వైరు బ్రష్షుతో గీకి, గ్రీజు పెట్టండి. నా దాంట్లో సగం జబ్బు అక్కడే ఉంది. స్ప్రింగు విప్పి పక్కన పెట్టినప్పుడు చుట్ల మధ్య సందులు కనిపిస్తే అది సాగిపోయింది, మార్చెయ్యండి. ఐడ్లర్‌ని వేలితో తిప్పితే గరగరమంటే బేరింగు పోయింది, అదీ ఇప్పుడే మార్చుకుంటే మేలు, మళ్ళీ డెక్ ఎవడు లాగుతాడు?

డెక్ ఎక్కించే ముందే బ్రేక్ చూసుకోండి, బెల్టుని వదులు చేసేదీ బ్రేక్ వేసేదీ ఒకే పెడల్ కాబట్టి రెండూ ముడిపడి ఉంటాయి. చదును సిమెంటు మీద ఫుల్ స్పీడులో బ్రేక్ తొక్కితే 5 అడుగుల లోపు ఆగాలి. పార్కింగ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, ఆ వెనక కడ్డీ లాగి తోస్తే వెనక చక్రాలు తిరక్కుండా ఈడ్చుకుపోవాలి. ఆ తర్వాతే వాలు ఎక్కించి చూడండి. చల్లగా ఉన్నప్పుడు చక్కగా ఎక్కి, అరగంట కోశాక వేడెక్కి మళ్ళీ మొరాయిస్తే మాత్రం బెల్టుని వదిలెయ్యండి, అది హైడ్రోలో ఆయిలు పలచబడో, లోపల అరిగో వచ్చే జబ్బు, దానికి ట్రాన్స్‌మిషన్ దించాల్సిందే.